మామగారిని నడవనివ్వలేదు, అమ్మని కూర్చోనివ్వలేదు

మూడేళ్ల తేడాతో మా రెండిళ్లలోనూ గుండెపోటు వచ్చింది. 2019లో తెనాలిలో మా మామగారికి, 2022లో ఏలూరులో మా అమ్మకి. ఇద్దరికీ సమయానికి వైద్యం అందింది. ఇద్దరికీ మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. ఇద్దరూ వారం తిరక్కుండానే ఇంటికొచ్చేశారు. అక్కడిదాకా ఒకటే కథ. ఆ తర్వాతే వేరువేరు దారులు పట్టింది.

మామగారు ఇంటికి రాగానే మా అత్తగారు ఆయన మంచం ముందుగదిలోకి మార్పించారు. గడప దాటే పని లేకుండా టిఫినూ, భోజనమూ, మందులూ అన్నీ మంచం దగ్గరికే. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆవిడే నీళ్లు పోసేవారు. ఆయన లేచి నాలుగడుగులు వేస్తే చాలు, "ఎక్కడికండీ? నన్ను పిలవకూడదూ!" అంటూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేవారు. పేపరు పట్టుకుంటే చేతులు అలిసిపోతాయని మా వాడి చేత చదివించేవారు. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. సంపాదకీయంలో సగం మాటలు మింగేసేవాడు. మామగారు కళ్లు మూసుకుని ఊ కొట్టేవారు పాపం.

ఇక అమ్మ సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున నేను ఏలూరు వెళ్లాను. పొద్దున్న ఆరున్నర. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేస్తోంది. "అదేమిటమ్మా?" అన్నాను నోరు తెరిచి. "పనిపిల్ల రెండ్రోజులుగా రావడం లేదే. కూర్చుంటే ఎవరు చేస్తారూ?" అంది. వసారాలో నాన్న కాఫీ కోసం ఎదురుచూస్తున్నాడు. నాన్న చెడ్డవాడేం కాదు. ఆసుపత్రిలో మూడు రాత్రులు బెంచీ మీద కూర్చుని గడిపిన మనిషి. "డాక్టరు కొద్దికొద్దిగా తిరగమన్నాడు కదే. ఇంటిపనంటే తిరగడమేగా" అన్నాడు చాలా మామూలుగా.

ఆ గుండె ఎంత పని మోయగలదో రెండిళ్లలోనూ ఎవరూ కొలవలేదు. తెనాలిలో భయం లెక్క కట్టింది. ఏలూరులో అలవాటు లెక్క కట్టింది. కొలిచే సాధనాలు మాత్రం చాలా ఏళ్లనుంచే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలియడానికి మామగారు మూడు నెలలు మంచంలో ఉండాల్సొచ్చింది, అమ్మ వంటింటి తలుపు వెనక చెమటలు కక్కాల్సొచ్చింది.

మంచం చేసిన చెరుపు

మూడు నెలలయ్యేసరికి మామగారు వీధి అరుగు నాలుగు మెట్లు దిగి ఎక్కితేనే రొప్పేవారు. పంచె కట్టుకుంటే తొడలు కర్రల్లా కనిపించేవి. రోజూ సాయంత్రం లైబ్రరీకి వెళ్లి నలుగురితో వాదన పెట్టుకునే మనిషి గోడకేసి తిరిగి పడుకోవడం మొదలెట్టారు. చూడొచ్చిన వాళ్లంతా "గుండె బలహీనమైపోయింది" అని నిట్టూర్చి, యాపిల్ పళ్లు పెట్టి వెళ్లేవారు.

పరీక్షకి తీసుకెళితే డాక్టరుగారు ఎకో చేశారు. గుండె ఒక్కో దెబ్బకీ తనలోని రక్తంలో ఎన్నో వంతు బయటికి పంపుతోందో అది చూపిస్తుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని రిపోర్టులో రాసేది అదే. ఆరోగ్యవంతుల్లో సుమారుగా 55 నుంచి 70 శాతం మధ్య ఉంటుంది. మామగారికి 52 వచ్చింది. డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి, "ఈయన గుండె బాగానే ఉందమ్మా. మంచం పట్టింది కాళ్లు" అన్నారు.

మనమంతా ఆ ఒక్క అంకె పట్టుకునే వేలాడతాం. పెళ్లిలో కనబడ్డా "మీ ఆయనకి ఎంతుంది?" అంటే "నలభై ఐదు" అని జవాబు. నిజానికి ఆ అంకెకీ, మనిషి ఎంత దూరం నడవగలడన్నదానికీ పెద్ద పొంతన ఉండదట. 35 శాతం ఉన్నవాళ్లలో హాయిగా నడిచేవాళ్లున్నారు, 55 ఉండీ రెండు వీధులకే చతికిలబడేవాళ్లున్నారు. ఎందుకంటే నడక ఒక్క గుండె పని కాదు. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, కండరాలు అన్నీ కలిసి లాగాల్సిన బండి.

మా అత్తగారిది వట్టి చాదస్తమని నేను అనను. ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. గుండెపోటు వచ్చినవాళ్లని ఆరువారాల పాటు మంచం దిగనివ్వని రోజులుండేవి. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నమాట నిజమే గనక, అంతకాలమూ కదలకూడదని అనుకునేవారు. 1952లో అమెరికాలోని బోస్టన్లో సామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు రోగుల్ని మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సాహసమైంది. 1955లో ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే, ఆయన్ని చూసిన పాల్ డడ్లీ వైట్ అనే గుండె వైద్యుడు మళ్లీ పనిలో పడమని ప్రోత్సహించారు. మరుసటి ఏడు ఆయన ఎన్నికల్లో నిలబడి గెలిచారు కూడా. మా అత్తగారి జ్ఞానం ఆ 1952కి ముందుది. ఆవిడ నాన్నగారికి అలా చేశారట, ఆవిడ ఇలా చేశారు.

డాక్టరుగారు చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. 1966లో డాలస్ నగరంలో 20 ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని, ఏ జబ్బూ లేనివాళ్లని, మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టారు. లేచాక చూస్తే వాళ్ల శ్రమ చేసే శక్తి పావు వంతుకు పైగా తగ్గిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, యాభై దాటిన అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు తగ్గించినదానికంటే ఆనాటి మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది! కుర్రాళ్ల గతే అదైతే, అరవై ఎనిమిదేళ్ల మామగారు మూడు నెలలు పడుకున్నారు మరి.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి గిన్నెలు సర్దుతూ, "నేను ఆయనకి ద్రోహం చేశానంటావా అమ్మాయ్?" అన్నారు. ఏం చెప్పను? "ప్రేమగానే చేశారు అత్తయ్యా" అన్నాను. రెండూ నిజమే.

ఆరు నిమిషాల నడక

మామగారికి మొదట చేసిన పరీక్షకి యంత్రమే అక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో 30 మీటర్లు కొలిచి, ఆ చివరా ఈ చివరా గుర్తుగా ఏదో ఒకటి పెడతారు. ఆరు నిమిషాల్లో, మీకు చేతనైన వేగంతో, వీలైనంత దూరం నడవమంటారు. పరుగెత్తకూడదు. ఆయాసమొస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, మళ్లీ బయల్దేరొచ్చు. గడియారం మాత్రం ఆగదు. ముందూ వెనకా నాడి, బీపీ, రక్తంలో ఆక్సిజన్ చూసి రాసుకుంటారు. పరుగు పరీక్షగా 1968లో కెన్నెత్ కూపర్ అనే ఆయన 12 నిమిషాలతో మొదలెట్టిందే, జబ్బుపడ్డవాళ్ల కోసం పన్నెండు నిమిషాల నడకై, ఆ తర్వాత 1982లో ఆరు నిమిషాలకి దిగింది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆ ఆరు నిమిషాల్లో సుమారు 400 నుంచి 700 మీటర్లు నడుస్తారు. మామగారు మధ్యలో రెండుసార్లు ఆగి, 8 పొడుగులు నడిచారు. అంటే 240 మీటర్లు. లెక్కపెట్టింది ఫిజియోథెరపిస్టే అయినా, పక్కన నిలబడి వేళ్లు మడిచింది మా అత్తగారు. "ఎనిమిదేనా?" అన్నారు చిన్నబోయి. ఆవిడ మొహం చూసి ఆ ఫిజియోథెరపిస్టు పిల్ల, "ఒక్క పొడుగు పెరిగినా మార్పు వచ్చినట్టే అమ్మా" అని ధైర్యం చెప్పింది.

ఆ తర్వాత మూడు నెలలు పొద్దున్నా సాయంత్రం నడక. మొదటి వారం చదునైన వీధిలో ఐదేసి నిమిషాలు. తర్వాత రెండ్రోజులకో నిమిషం చొప్పున పెంచుకుంటూ అరగంట దాకా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పదేసి సార్లు. మొదట్లో అత్తగారు చేతిలో మంచినీళ్ల సీసా, కొంగున మాత్రలు కట్టుకుని వెంట నడిచేవారు. ఆవిడ మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయని తర్వాత ఒప్పుకున్నారు. మూడో నెల చివర పరీక్షలో ఆయన ఎక్కడా ఆగకుండా 13 పొడుగులు నడిచారు. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి ఎవరితోనో గొడవ పెట్టుకొచ్చారు. ఇల్లంతా పండగ!

అమ్మ ఆవకాయ

ఇంత నేర్చుకున్నదాన్ని అమ్మ విషయంలో జాగ్రత్తపడి ఉండాలి కదా. పడలేదు. ఎందుకంటే అమ్మ మంచం పట్టలేదు. నడుస్తోంది, పని చేస్తోంది, నవ్వుతోంది. మంచంలో ఉన్నవాళ్ల గురించే మనకి బెంగ.

అది మే నెల. గుండెపోటు వస్తే మాత్రం ఆవకాయ ఆగుతుందా? కాయలు తేవడం, కడగడం, తుడవడం, పిండి కలపడం, అటక మీంచి జాడీలు దింపడం... నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అమ్మ వంటింటి తలుపు వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. జాకెట్టు తడిసిపోయింది. మాట రావడానికి రెండు నిమిషాలు పట్టింది. వచ్చిన మొదటి మాట, "నాన్నకి చెప్పకు."

నేను వినలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ, రక్తపరీక్ష చేసి కొత్తగా ఏమీ లేదన్నారు, దేవుడి దయ. "ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటిదేమైనా చేస్తారా?" అని అడిగితే అక్కడున్న కుర్ర డాక్టరు, "ఆవిడ ఇంటిపని అంతా చేసుకుంటున్నారుగా, అంతకంటే పరీక్షేముంటుంది?" అన్నాడు. ఆ ఆసుపత్రి పేరెందుకు గానీ, ఈ మాట ఎక్కడైనా వినబడే మాటే.

చివరికి మామగారిని చూసిన డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన వెంటనే చేయలేదు. మందులు సర్ది, ఆరువారాలు పూర్తయ్యాక రమ్మన్నారు. గుండెపోటు వచ్చిన రెండ్రోజుల లోపు ఈ పరీక్ష అసలు చేయకూడదు. ఆ తర్వాత కూడా ఛాతీనొప్పి అదుపులోకి రానివాళ్లకీ, గుండె లయ తప్పుతున్నవాళ్లకీ, ఒంట్లో నీరు పడుతున్నవాళ్లకీ చేయరు. ఎవరికి ఎప్పుడు చేయాలో నిర్ణయించాల్సింది డాక్టరే. మనం చేయాల్సింది అడగడం.

ట్రెడ్‌మిల్ మీద పంజాబీ డ్రెస్సు

చీరతో ట్రెడ్‌మిల్ ఎక్కడం కష్టం. కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయి. అమ్మ యాభై తొమ్మిదో ఏట మొదటిసారి పంజాబీ డ్రెస్సు వేసుకుంది, నాదే. "ఎవరైనా చూస్తే!" అంటూ చున్నీ ఒళ్లంతా చుట్టుకుంది. కాళ్లకి మా తమ్ముడి కూతురి కాన్వాసు బూట్లు. ఛాతీ మీద తీగలు అతికిస్తారు గనక ముందువైపు విప్పుకునే వదులు పైబట్ట మంచిది. ఆడ టెక్నీషియన్ కావాలని ముందే అడగొచ్చు. మొహమాటపడి పరీక్షే మానుకునేవాళ్లున్నారని తెలిసి చెబుతున్నాను. రెండు మూడు గంటల ముందు నుంచి కడుపునిండా తినకూడదు. రోజూ వేసుకునే మాత్రలు ఆ పూట వేసుకోవాలో వద్దో డాక్టర్నే అడగాలి.

ఈ పరీక్షలో ఎక్కువగా వాడే పద్ధతి రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా డాక్టరుది, 1960ల నాటిది. మూడేసి నిమిషాలకోసారి వేగమూ, ఏటవాలూ పెరుగుతాయి. మొదటి మెట్టు గంటకి 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎత్తు. రెండోది గంటకి 4 కిలోమీటర్లు, 12 శాతం. మూడోది 5.5, 14 శాతం. బాగా నీరసించినవాళ్లకి చదునుగా మొదలెట్టే మెత్తని పద్ధతి కూడా ఉంది. ఒక పక్క ఈసీజీ కదులుతూనే ఉంటుంది, మధ్యమధ్య బీపీ చూస్తారు. ఛాతీ బరువైనా, కళ్లు తిరిగినా, ఇక చాలనిపించినా చెప్పేయాలి. అమ్మ చెప్పదని నాకు తెలుసు. అందుకే టెక్నీషియన్‌తో ముందే అన్నాను, "ఆవిడ 'ఫర్వాలేదు' అంటే ఆపేయండి" అని.

అమ్మ 3 నిమిషాల 50 సెకన్ల దగ్గర ఆగింది. కాగితం మీద రాసిన కొలత 5 మెట్.

మెట్ అంటే ఏమిటంటే, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే ప్రాణవాయువు. కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు, దాన్ని ఒకటి అనుకుంటారు. అమ్మ శక్తంతా పెడితే కూర్చున్నప్పటికి ఐదింతలు మాత్రమే చేయగలదని అర్థం. ఇప్పుడు వంటింటి లెక్క చూడండి. నిలబడి వంట చేయడం, అంట్లు తోమడం రెండు, రెండున్నర మెట్. ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం మూడు, మూడున్నర. బట్టలు బాది ఉతకడం, నిదానంగా మెట్లెక్కడం నాలుగు. బరువు మోసుకుంటూ మెట్లెక్కితే ఏడు కూడా దాటుతుంది.

డాక్టరుగారు ఇదంతా చెప్పి, "రోజంతా చేసే పని మనిషి గరిష్ఠ శక్తిలో సగానికి లోపు ఉంటేనే నిలబడగలరు" అన్నారు. అమ్మది ఐదు. వసారా తుడిచేసరికే మూడింట రెండొంతులు పైగా ఖర్చు. దాని వెనకే వంట, దాని వెనకే బట్టలు. నేను ఆ కాగితం నాన్న చేతికిచ్చాను. రిటైరైన లెక్కల మాస్టారాయన. కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, "రోజూ ఇంత అప్పు చేస్తోందా ఇది!" అన్నారు. నేను ఎన్ని చెప్పినా కదలని మనిషి అంకెలకి కదిలారు. మర్నాటి నుంచి వాకిలి ఊడ్పు ఆయనది. కాఫీ కూడా. (కాఫీ బాగుండేది కాదు. ఎవరమూ చెప్పలేదు.)

ఇంకో సంగతి. ట్రెడ్‌మిల్ కాళ్లనే పరీక్షిస్తుంది. ఒకే బరువు పనిని కాళ్లతో చేసినప్పటికంటే చేతులతో చేసినప్పుడు గుండె వేగమూ, బీపీ ఎక్కువ పెరుగుతాయి. రుబ్బడం, దంచడం, పిండడం, నీళ్ల బకెట్లు రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టి మోయడం, ఇవన్నీ చేతుల పనులే. మన పనుల్లో ఎన్ని ఇలాంటివో లెక్కేసుకోండి. "ఇంటిపనే వ్యాయామం" అనేవాళ్లకి ఈ మాట చెప్పాలి. వ్యాయామమంటే నెమ్మదిగా మొదలై, పెరిగి, నెమ్మదిగా ముగిసేది, మధ్యలో కుక్కరు కూత వేయనిది.

సేద తీరే వేగం

ఎంత దూరం పరుగెత్తిందన్నదే కాదు, ఆగాక ఎంత త్వరగా కుదుటపడిందన్నదీ చూస్తారు. శ్రమ ఆపిన మొదటి నిమిషంలో నాడి ఎన్ని దెబ్బలు తగ్గిందో లెక్కపెడతారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 1999లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి నిమిషంలో 12 లేదా అంతకంటే తక్కువ తగ్గినవాళ్లకి ముందుముందు ప్రమాదం ఎక్కువని తేలింది. అమ్మకి తగ్గినవి 9.

అలాగని అది నుదుటి రాతేం కాదు, నడకతో మారుతుంది. మందులు కూడా ఇందులో కలగజేసుకుంటాయి. గుండెపోటు తర్వాత చాలామందికి ఇచ్చే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే 220లోంచి వయసు తీసేసి "ఇంతవరకు నాడి పెరగాలి" అని పుస్తకాల్లో రాసే లెక్క వాళ్లకి పనికిరాదు. పైగా ఆ లెక్క ఆడవాళ్లకి అసలే సరిగ్గా కుదరదని అమెరికాలో మార్థా గులాటి అనే గుండె వైద్యురాలు 2010లో చూపించారు.

ఆడవాళ్ల లెక్కలు వేరుగా కట్టాలన్న ఆలోచనే ఆలస్యంగా వచ్చింది. శ్రమ చేసే శక్తి ఒక్కో మెట్ పెరిగేకొద్దీ ఆయుష్షు మీద భరోసా 12 శాతం పెరుగుతుందని 2002లో వచ్చిన పేరుమోసిన పరిశోధనలో 6,213 మందిని చూశారు. అందరూ మగవాళ్లే! మరుసటి ఏడే గులాటి బృందం 5,721 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన బయటికొచ్చింది. అందులో ఒక్కో మెట్‌కి మరణభయం 17 శాతం తగ్గినట్టు తేలింది. ఆ బృందమే 2005లో ఆడవాళ్ల వయసుకి ఎంత శక్తి ఉండాలో సూత్రం ఇచ్చింది. వయసుని 0.13తో హెచ్చించి 14.7 లోంచి తీసేయాలి. నాన్న అక్కడికక్కడే కట్టారు. 59 ఏళ్లకి సుమారు 7. అమ్మకున్నది 5.

రోజూ కొలుచుకోవడం

ఆసుపత్రి పరీక్షలు ఎప్పుడో ఒకసారి. మిగిలిన రోజుల్లో అమ్మకి డాక్టరుగారు రెండు చిట్కాలు చెప్పారు. ఒకటి, మాటల పరీక్ష. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచొచ్చు. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించాలి. రెండోది స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ అనే ఆయన చేసిన కొలబద్ద. ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు. ఆరంటే అసలు శ్రమే లేదు, ఇరవై అంటే ప్రాణం పోతోంది. గుండెపోటు తర్వాత నడక 11 నుంచి 13 మధ్య, "తేలిక" నుంచి "కాస్త కష్టం" దాకా ఉంటే చాలు. నాడి లెక్క కుదరనివాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

నిజం చెబితేనే సుమా. అమ్మ మొదట్లో ఏ పని చేసినా "తొమ్మిది" అనేది. మొహం చూస్తే పదహారు. అందుకని నాన్న ఒక నోటుపుస్తకం పెట్టారు. నడకకి ముందు నాడి, ఆగగానే నాడి, నిమిషం తర్వాత నాడి, ఆ పక్కన అమ్మ చెప్పిన అంకె, దాని పక్కన నాన్న వేసిన అంకె. ఆ రెండో గడి కోసం రోజూ పోట్లాట. రెండు నెలలకి ఇద్దరి అంకెలూ దగ్గరకొచ్చాయి.

తిన్న రెండు గంటల లోపు నడక వద్దు. ఎండ మండేటప్పుడు వద్దు. మన వైపు ఎండాకాలమంటే తెల్లవారుజామునో, బాగా పొద్దుగూకాకో. జ్వరమొచ్చిన రోజు మానేయాలి. ఛాతీలో బరువు, దవడకో భుజానికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, గుండె దడదడ, ఎప్పుడూ లేని ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చోవాలి. డాక్టరిచ్చిన నాలుక కింద మాత్ర ఉంటే పెట్టుకుని, తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోను. ఆడవాళ్లలో నొప్పి బదులు నీరసం, వికారం, ఆయాసంగా రావడమూ ఉంది. "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా తాగి పడుకోకండి.

నడకే కుదరనివాళ్లకి ఇంకో దారి మన దేశంలోనే పరీక్షించారు. 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా శిక్షణ మీద చేసిన పరిశోధన 2020లో వెలువడింది. పన్నెండు వారాల్లో 13 తరగతులు, మిగతాది ఇంట్లో సాధన. యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, ఇదివరకటి పనుల్లోకి బాగా తిరిగొచ్చారు. మళ్లీ గుండెపోటు రావడం, మరణాలు తగ్గాయని మాత్రం కచ్చితంగా తేలలేదు. కాబట్టి మందులు మానేసి యోగా చేస్తామనకండి.

చివరగా ఒక సంగతి, గట్టిగా అడగలేక చాలామంది ఇల్లాళ్లు లోపలే కుమిలిపోయేది. దాంపత్య జీవితానికి సాధారణంగా పట్టే శ్రమ మూడు నుంచి ఐదు మెట్ మధ్యనే. రెండంతస్తులు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగే మనిషి విషయంలో భయపడనక్కర్లేదని డాక్టర్లు చెబుతారు. తర్వాతిసారి పరీక్షకి వెళ్లినప్పుడు అడిగేయండి. వాళ్లకి ఇది రోజూ వినే ప్రశ్నే.

నాలుగు నెలల తర్వాత అమ్మ రెండోసారి ట్రెడ్‌మిల్ ఎక్కింది. 6 నిమిషాల 10 సెకన్లు. 7 మెట్. మొదటి నిమిషంలో తగ్గిన నాడి 17. నాన్న ఆ అంకెలు నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, పరీక్ష పేపరు దిద్దినట్టు కింద సున్నా చుట్టారు.

ఆవకాయ ఇప్పటికీ ఏటా పెడుతోంది. కాయలు కొట్టించుకొచ్చేది తమ్ముడు, జాడీలు దింపేది నాన్న. అమ్మ కుర్చీలో కూర్చుని ఉప్పు చూస్తుంది. ఈ ఏటి పరీక్ష వచ్చే నెలలో. మొన్న ఫోను చేసి, "ఆ పంజాబీ డ్రెస్సు నీ దగ్గరే ఉందిగా, ఇస్త్రీ చేయించి పంపవే" అంది. చున్నీ అక్కర్లేదట.